గురక

చీమకుర్తి క్వారీ గేటు పక్కన
రాత్రి షిఫ్టుకి టీ పోసేదాన్ని.
నల్లరాయిలో బంగారు చుక్కలుంటాయే,
ఆ రాయి మీద మీరు ఎప్పుడో ఒకప్పుడు నడిచే ఉంటారు.
దాన్ని కోసేవాళ్ల నడుములు చూసి ఉండరు.

నొప్పికి మొదట ఒక మాత్ర.
మాత్రకి అలవాటుపడ్డ నొప్పికి రెండు.
ఆ తర్వాత సూది.
దాన్ని వాళ్లు మత్తు అనరు, సెలవు అంటారు.
ఒళ్లు ఓ రెండు గంటలు సెలవు పెడుతుంది.

మాలకొండయ్య ఆ రాత్రి నా బల్ల మీదే వాలాడు.
గురక.
ఎండిన బావిలో బకెట్టు ఈడ్చినట్టు.
"పడుకోనీయండబ్బా, మూడు రోజులైంది వాడు నిద్రపోయి"
అన్నది నేనే.
దోమలు ముసురుతున్నాయని దుప్పటి కప్పింది నేనే.
నాలుగింటికి గురక ఆగితే
హమ్మయ్య, ఇప్పటికి కుదురుగా పట్టింది నిద్ర
అనుకున్నదీ నేనే,
పాలు పొంగకుండా గరిటె తిప్పుకుంటా.

ఆఫీసు బీరువాలో ఓ చిన్న సీసా ఉండేదంట.
నాలొక్సోన్.
పోతున్న ఊపిరిని వెనక్కి పిలిచే మందు.
బీరువా తాళంచెవి ఒంగోల్లో,
మేనేజరు తలగడ కింద.
ఆ వేళకి ఆయన కూడా గురక పెడుతూనే ఉండుంటాడు.

దినకర్మ అయిన వారానికి
సలోమి సిస్టరు వచ్చింది, కాళ్లు లేని రబ్బరు బొమ్మతో.
క్రేను మస్తాను, కాటా దగ్గర గుమాస్తా, నేను,
ఇంకో నలుగురు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక.
"గట్టిగా పిలువు. పలకడా?
రొమ్మెముక మీద వేలి కణుపులతో రుద్దు.
రెప్ప ఎత్తి చూడు,
కంటిపాప గసగసాల గింజంత అయిందా?"
కోడికూరలోకి నేను నూరే గింజ!
"ఆ మొక్క చుట్టాలేనమ్మా ఈ మందులన్నీ" అంది సిస్టరు.
"పెదాలు నేరేడు రంగుకి తిరిగాయా?
అయితే అది నిద్ర కాదు.
ఆ గురక, మూసుకుపోయే గొంతు
లోపల్నించి తలుపు కొట్టడం."

ఎవరూ నా వైపు చూళ్లేదు.
చూసినా బాగుండేది.

ముందు 108కి ఫోను. తల వెనక్కి వంచి నోట్లోకి ఊపిరి.
తొడ కండలోకి సూది.
బత్తాయిల మీద పొడిచి నేర్చుకున్నాం.
నావి మొదటి ఐదూ కారిపోయాయి.

"సీసా బయట పెడితే ధైర్యమొచ్చి ఇంకా ఎక్కిస్తారు" అన్నాడు మేనేజరు.
"కొత్తపట్నం బీచిలో గజ ఈతగాళ్లున్నారని
ఎవరన్నా మునగడానికి పోతారా సారూ?"
అన్నాను. ఎట్టా వచ్చిందో ఆ మాట.
ఇప్పుడది నా కొట్లో, తాళం లేని డబ్బాలో,
ఎండకీ పొయ్యికీ దూరంగా.

కార్తీకం ముసురు. లారీల వెనక అదే చప్పుడు.
బిరంచి. ఒడిశా కుర్రాడు. మీసాలింకా సరిగ్గా రాలా.
పిలిచాను. రుద్దాను. రెప్ప ఎత్తాను: గసగసాలు.
మస్తాను ఊపిరి ఊదుతున్నాడు,
నా చెయ్యి బత్తాయిని గుర్తుచేసుకుంటా ఉంది.
ఒక నిమిషం. రెండు.
కొట్లో పాలు మాడిన వాసన.
మూడు.

కుర్రాడు గాలిని మింగాడు.
నా చీర మీద కక్కి, తిట్టాడు.
వాళ్ల భాషలో, తర్వాత మన భాషలో కూడా:
"నా సెలవు చెడగొట్టావు!"
లేచి పోబోతే మణికట్టు పట్టుకున్నాను.
"ఈ మందు దిగితే మళ్లీ మునుగుతావురా. బండి వచ్చిందాకా కూచో."
కూచున్నాడు. వణుకుతా.
వాడి నడుం నొప్పి కూడా తిరిగొచ్చి పక్కనే కూచుంది.
దానికి నా డబ్బాలో ఏమీ లేదు.

ఇంటికాడ మా ఆయన గురక పెడితే
సెల్లు లైటేసి రెప్ప ఎత్తి చూస్తాను.
తిడతాడు.
తిట్టనీ.

మాలకొండయ్యకి కప్పిన దుప్పటి
ఉతికాను, ఎవరికీ కప్పలేదు.
మంగళవారం మంగళవారం శిక్షణ అయ్యాక
ఆ బొమ్మని దాంట్లో చుట్టి పెడతాం,
ముఖం మాత్రం బయటికి ఉంచి.